స్పీడు యాడికి పోతాది?

మొన్న సంక్రాంతికి అమ్మానాయనలను బెంగళూరు నుంచి ఊరికి తీసుకొస్తున్నా. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల. కారు కొని మూడు నెలలే అయింది, ఈఎంఐలు ఇంకా యాభై ఏడు ఉన్నాయి. హొసకోట దాటకముందే గొడవ మొదలైంది.

గొడవ సీటు బెల్టు దగ్గర. ముందు కూర్చో నాయనా అంటే వినలేదు. "ముందు కూర్చుంటే నా కాలు ఊరికే బ్రేకు కోసం ఎతుకుతాది, నాకొద్దు" అని వెనక అమ్మ పక్కన సర్దుకున్నాడు. సరే, బెల్టు పెట్టుకో అన్నా. "ఎనక సీటుకు బెల్టు ఏందిరా? మేమేమన్నా ఇమానంలో పోతాండామా?" అన్నాడు. అమ్మ నవ్వింది. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషికి, లైసెన్స్ వచ్చి నాలుగేళ్లయిన కొడుకు రోడ్డు పాఠాలు చెబితే ఎట్లుంటుందో మీకు తెలిసే ఉంటుంది.

అసలు ఈ కారు కొన్నదే అమ్మ భయం వల్ల. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో జరిగింది గుర్తుందా? హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కింద ఒక బైకు ఇరుక్కుంది. ఇనుము రోడ్డు మీద ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి. 19 మంది ప్రయాణికులు బయటికి రాలేకపోయారు. నేను కర్నూలులో బీటెక్ చదివిన నాలుగేళ్లూ ఆ హైవేని చూస్తూనే పెరిగా. ఆ వారం అమ్మ రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి, నైట్ బస్సు ఎక్కనని నాతో ఒట్టు వేయించుకుంది. అందుకే కారు. ఆ కారులో ఇప్పుడు ఆమే బెల్టు పెట్టుకోదు.

చింతామణి దాటాక నేను మాట్లాడటం మానేశా. అలిగా అనుకున్నారు. నిజానికి పాత సంగతి ఒకటి గుర్తుచేసుకుంటున్నా.

2015 ఎండాకాలం. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, రిజల్ట్స్ రాలేదు. నాయన అప్పుడు పది టైర్ల లారీ తోలేవాడు. బండి ఆయనది కాదు, ఓనరుది. మా ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్లు తమిళనాడు వైపు, తిరుగు లోడుకి ఏది దొరికితే అది. ఆ ట్రిప్పుకి క్లీనర్ పెళ్లికి పోయాడు. "ఊరికే సెల్లు గీక్కుంటా కూర్చోకపోతే రారాదా" అన్నాడు నాయన. ఎక్కేశా.

పోయేటప్పుడు ఒక డాబా దగ్గర ఆగాం. నేను టైర్లు చూస్తున్నట్టు పోజు కొడుతుంటే అడిగాడు: "ఎంపీసీ అంటివి గదా. బండి అరవైలో పోతాండె. ఇప్పుడు నిలబడిపాయ. ఆ స్పీడంతా యాడికి పోయిందో చెప్పు."

"యాడికి పోవడమేంది, జీరో అయిపోయింది" అన్నా.

"జీరో అయితే కాదురా. పోయింది. యాడికో చెప్పు."

నాకు తట్టలేదు. గతిశక్తి అంటే సగం ఎం వీ స్క్వేర్ అని ఎన్నిసార్లు రాసుంటానో. శక్తి నిత్యత్వ నియమం మీద ఎనిమిది మార్కుల ప్రశ్న బట్టీ కొట్టా. కానీ ఎదురుగా నిలబడిన లారీకీ ఆ ఎనిమిది మార్కులకీ సంబంధం ఉందని నా బుర్రకి ఎక్కలేదు. నాయన నా మణికట్టు పట్టుకుని, అరచేతిని వెనక చక్రం డ్రమ్ముకి జానెడు దూరంలో పెట్టాడు. పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. "ఈడికి పోయింది" అన్నాడు.

చేతిలో నీళ్ల బాటిల్ ఉంటే డ్రమ్ము మీద పోయబోయా. వీపు మీద ఒక్కటి పడింది. కాలిన డ్రమ్ము మీద చన్నీళ్లు పడితే పగులుతుందంట.

ఇంజనీరింగ్ అయ్యాక, ఉద్యోగం వచ్చాక, ఒక రోజు ఆఫీసులో బిల్డ్ ఆగిపోయి ఖాళీగా ఉన్నప్పుడు ఆ లెక్క వేశా. లోడుతో కలిపి లారీ బరువు 25 టన్నులు. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 16.7 మీటర్లు. గతిశక్తి సుమారు 35 లక్షల జౌళ్లు. జౌళ్లంటే ఎవరికీ కళ్ల ముందు ఏమీ కనపడదు కాబట్టి ఇంకోలా చెబుతా: మామూలు నీళ్లు ఓ పన్నెండు లీటర్లు మరిగించడానికి సరిపోయే వేడి. అంటే లారీని ఒక్కసారి పూర్తిగా ఆపితే ఒక ఇంటిల్లిపాదికి టీ పెట్టేంత వేడి ఆ డ్రమ్ముల్లోకి పోతుంది. మళ్లీ కదిలాక గాలికి చల్లారుతుంది. ఫర్వాలేదు.

ఘాట్ రోడ్డు అట్లా కాదు. అక్కడ ఆగడం ఉండదు, స్పీడు పెరగకుండా పట్టుకోవడం ఉంటుంది. అదే 25 టన్నులు నిలువునా వంద మీటర్లు కిందికి దిగితే, దాని స్థితిశక్తి రెండున్నర కోట్ల జౌళ్ల దాకా ఉంటుంది. ఎనభై లీటర్ల పైన నీళ్లు మరుగుతాయి. ఆ వేడంతా బ్రేకుల మీదే వేస్తే వాటికి చల్లారే టైము దొరకదు. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లైనరుకి దూరం జరుగుతుంది. లైనరు కూడా కాలిపోయి పట్టు వదిలేస్తుంది. పెడల్ తొక్కుతూనే ఉంటాం, బండి మాత్రం వినదు. అందుకే పాత డ్రైవర్ల మాట, 'ఎక్కిన గేరులోనే దిగాల'. చిన్న గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి లాగుతుంది, వేడిలో సగం భారం రేడియేటరూ సైలెన్సరూ మోస్తాయి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగేవాళ్లున్నారు. వాళ్ల గురించి నాయన అనే మాట ఇక్కడ రాయలేను.

ఇంత తెలిసిన మనిషికి ఆ ట్రిప్పులో బ్రేకు తప్పింది.

తిరుగు లోడు సేలం నుంచి సగ్గుబియ్యం మూటలు. రాయచోటి దాటి గువ్వలచెరువు వచ్చాం. కడప వాళ్లకి గువ్వలచెరువు అంటే పాలకోవా. అటు పోయే ప్రతి బండీ అక్కడ ఆగుతుంది. కోవా తిన్నాక వచ్చేది ఘాటు. మలుపుల మీద మలుపులు, ఎన్ని ప్రమాదాలు చూసిందో ఆ దారి. లైనర్లు అయిపోయాయని నాయన వారం ముందే ఓనరుకి చెప్పాడు. "ఈ ట్రిప్పు కానీప్పా" అన్నాడంట. ఆ మాట తర్వాత చాలా రోజులు మా ఇంట్లో వినిపించింది.

మూడో మలుపు దగ్గర వాసన వచ్చింది. ప్లాస్టిక్కూ గుడ్డా కలిపి కాల్చిన వాసన. నాయన ముఖం చూశా, చెమట. పెడల్ మీద నిలబడుతున్నట్టు తొక్కుతున్నాడు. గేరు తగ్గించబోతే గరగరమని పడలేదు. హారన్ నొక్కి పట్టుకున్నాడు. ఎదురుగా బస్సు ఒకటి పక్కకి తప్పుకుంది. ఆ తర్వాత ఆయన చేసిందాన్ని ఇప్పటికీ నేను పూర్తిగా అర్థం చేసుకోలేదు. బండిని కావాలనే కొండ వైపు ఒరిపించాడు. బాడీ కొండరాయిని గీసుకుంటూ పోయింది. రేకు చిరిగే చప్పుడు, నిప్పురవ్వలు, దుమ్ము. ఎంత దూరమో, నాకైతే కిలోమీటరులా అనిపించింది, నాయన లెక్కలో ముప్పై నలభై మీటర్లు. చివరికి ముందు చక్రం కాలువలోకి దిగి, వానకి కొట్టుకొచ్చిన మట్టిదిబ్బలోకి మూతి పెట్టి ఆగింది.

ఆగే ముందు క్షణంలో నాయన ఎడమ చెయ్యి స్టీరింగు వదిలి నా ఛాతీకి అడ్డం పడింది.

నాకు నుదుటి మీద నాలుగు కుట్లు. నాయనకి రెండు పక్కటెముకలు విరిగాయి, ఎడమ భుజం జారింది. ఆ చెయ్యి ఇప్పటికీ చెవి పైకి లేవదు. రిపేరు ఖర్చులో సగం ఆయన కూలీలో కోశారు. రెండేళ్లు లాగి లారీ మానేశాడు.

"నీ నాయన చెయ్యి అడ్డం పెట్టకుంటే ఏమైపోదువో" అని అమ్మ వచ్చిన చుట్టాలందరికీ చెబుతుంది. నేనూ అదే నమ్మాను, లెక్క వేసేవరకు. అప్పుడు నా బరువు 50 కిలోలు. గంటకి 40 కిలోమీటర్ల నుంచి ఒక్క దెబ్బకి ఆగితే, నా ఒంట్లో ఉన్న గతిశక్తి మూడు వేల జౌళ్లు. ఒక చెయ్యి ముప్పై సెంటీమీటర్లలో నన్ను ఆపాలంటే దాని మీద పడే బలం టన్ను బరువుకి సమానం. ఏ నాయన చెయ్యీ టన్ను మొయ్యదు.

నన్ను కాపాడింది ఆ నలభై మీటర్లు. ఆ రేకు, ఆ కొండరాయి, ఆ మెత్తటి మట్టి. ఇనుము వంగింది, రాయి అరిగింది, మట్టి చెదిరింది, అన్నీ వేడెక్కాయి. లారీ శక్తిని తలా ఇంత పంచుకుని మాకు కొంచెమే మిగిల్చాయి. శక్తి అంతే ఉన్నా, ఆగే దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. నాయనకి సూత్రం తెలీదు కానీ ఆ దూరం ఎక్కడ దొరుకుతుందో వెతికాడు.

ఈ సంగతి లోకానికి కూడా తేలిగ్గా తెలియలేదు. కదిలే వస్తువు 'సత్తువ' దాని వేగానికి అనులోమమా, వేగం వర్గానికా అని యూరప్‌లో పండితులు ఏళ్ల తరబడి తన్నుకున్నారు. 1722లో గ్రావెసాండ్ అనే డచ్ శాస్త్రవేత్త ఇత్తడి గుండ్లని మెత్తటి బంకమట్టిలోకి జారవిడిచి గుంటల లోతు కొలిచాడు. వేగం రెట్టింపయితే గుంట నాలుగింతలు. తర్వాత ఎమిలీ దు షాత్లే అనే ఫ్రెంచ్ ఆమె 1740లో తన భౌతికశాస్త్ర పుస్తకంలో ఆ వాదనని గట్టిగా నిలబెట్టింది. న్యూటన్ ప్రిన్సిపియాని ఫ్రెంచ్‌లోకి అనువదించిందీ ఆమే.

నేను పాత బేరింగ్ గుండుతో మా పెరట్లో చేసి చూశా. ఎర్రమట్టిని రాగిముద్దలా తడిపి అడుగు ఎత్తు నుంచి ఒకసారి, నాలుగడుగుల నుంచి ఒకసారి. ఎత్తు నాలుగింతలైతే పడే వేగం రెండింతలే. గుంట మాత్రం ఇంచుమించు నాలుగింతలు వచ్చింది. కొలిచింది అగ్గిపుల్లతో, కాబట్టి నోబెల్ రాదు. కానీ హైవే మీద 80లో పోయే బండిని 100కి తొక్కేవాడికి ఈ గుంట చూపించాలి. పెరిగింది 20 అనుకుంటాడు, శక్తి 56 శాతం పెరుగుతుంది.

ఆగిన వస్తువు శక్తి ప్రతిసారీ వేడిగానే పోవాలని లేదు. గోలీలాటలో మీ గోలీ సూటిగా ఎదుటి గోలీకి తగిలితే మీది టక్కున నిలబడుతుంది, అవతలిది దాదాపు అదే స్పీడుతో ఉరుకుతుంది. ఇక్కడ శక్తి చేతులు మారింది, అంతే. బెంగళూరు మెట్రో బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి కొంత కరెంటుని లైనుకి తిరిగిస్తుంది. వాన చినుకు సంగతి ఇంకా తమాషా. పెద్ద చినుకు సెకనుకి తొమ్మిది మీటర్ల వేగంతో నేలకి కొట్టుకుని, ఆగే క్షణంలో మట్టిరేణువుల్ని ఎగరగొడుతుంది. లేచిన మట్టిని పారే నీళ్లు తీసుకుపోతాయి, లోపలి రాళ్లు బయటపడతాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతికేది అందుకే. మా హాస్టల్ బ్యాచ్ ఒక జూన్‌లో క్లాసు ఎగ్గొట్టి పోయాం. నాకు దొరికింది వడదెబ్బ.

ఇంకోటి శ్రీశైలం. 12 గేట్లూ ఎత్తినప్పుడు అందరూ సెల్ఫీలు దిగుతారు, ఆ నీళ్లు చివర్లో పైకి ఎందుకు ఎగురుతాయో అడగరు. వంద మీటర్ల ఎత్తు నుంచి అడ్డు లేకుండా పడిన నీళ్లు గంటకి 160 కిలోమీటర్ల వేగం దాకా అందుకోగలవు. ఆ వేగంతో డ్యామ్ కాలి దగ్గరే కొడితే పునాదే లేచిపోతుంది. అందుకని స్పిల్‌వే చివర నేలని పైకి వంచి కట్టారు, నీళ్లు గాల్లోకి లేచి, చీలి, తుంపరలై దూరంగా పడేలా. అది కూడా బ్రేకే. అయినా ఏళ్ల తరబడి ఆ నీళ్లు పడి పడి కింద పెద్ద గొయ్యి పడింది, దాని గురించి ఇంజనీర్లు ఇప్పటికీ దిగులు పడుతున్నారు. శక్తిని ఎక్కడికో ఒకచోటికి పంపాల్సిందే. మనం చోటు చూపకపోతే అదే వెతుక్కుంటుంది.

సరే, కారులోకి వద్దాం.

గువ్వలచెరువులో ఆపా. అమ్మ కోవా ప్యాకెట్లు బేరమాడుతోంది. నాయన అలవాటు మానలేదు, దిగగానే నాలుగు చక్రాలూ చూసుకుని, అరచెయ్యి జానెడు దూరంలో పెట్టి, "పర్వాల్యా" అన్నాడు. అప్పుడే అడిగా.

"నాయనా, ఈ కారు ఎనభైలో పోయి దేనికన్నా కొట్టి నిలబడిందనుకో. కారు స్పీడు యాడికి పోతాది?"

"ముందర రేకు నలుగుతాది. దాంట్లోకి పోతాది."

"అవును. ముందు భాగం నలగాలనే అట్లా కడతారు. మరి ఎనక సీట్లో ఉండే నీ స్పీడు యాడికి పోతాది?"

ఆయన ఏమీ అనలేదు. నేనే చెప్పా. రేకు నలిగి కారు ఆగినా ఆ సంగతి నీ ఒంటికి తెలీదు, అది ఇంకా ఎనభైలోనే ఉంటుంది. ఎనభై అంటే ఎనిమిది అంతస్తుల మేడ మీద నుంచి కింద పడ్డంత వేగం. బెల్టు ఉంటే కారుతో పాటు, ఆ నలిగే రేకుతో పాటు నువ్వూ ఓ అర మీటరు దూరంలో ఆగుతావు. అప్పుడే మూడు టన్నుల బలం, కానీ ఛాతీ మీద, నడుము మీద పరుచుకుని పడుతుంది. బెల్టు లేకపోతే ముందు సీటు తగిలేదాకా నిన్ను ఆపేది లేదు, తగిలాక అయిదు సెంటీమీటర్లలో ఆగాలి. ముప్పై టన్నులు. ఆ సీట్లో ఉండేది నేను.

మూడు పాయింట్ల బెల్టుని 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీర్ తయారు చేశాడు, పేటెంట్‌ని కంపెనీ అందరికీ వదిలేసింది. 2022 సెప్టెంబర్ 4న సైరస్ మిస్త్రీ పోయినప్పుడు ఆయన కూర్చుంది వెనక సీట్లో, బెల్టు లేకుండా. 2019 సవరణ చట్టం ప్రకారం బెల్టు లేకపోతే వెయ్యి రూపాయలు ఫైను. ఇవన్నీ చెప్పాలని ఫోన్‌లో రాసి పెట్టుకున్నా. ఒక్కటీ చెప్పలేదు. "ఆ సీట్లో ఉండేది నేను" అన్నాక ఇంక చెప్పబుద్ధి కాలేదు.

"ఆ పొద్దు నా చెయ్యి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. లెక్క సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు నేను. ఇప్పుడు కూడా చెప్పలేదు.

అమ్మ కోవాతో వచ్చింది. నాయన ముందుగా ఆమెను ఎక్కించి, బెల్టు లాగాడు. దాన్ని గుచ్చే బకిల్ కనపడలేదు. షోరూమ్ పక్క దుకాణంలో నేనే మూడున్నర వేలు పోసి వేయించిన లెదర్ సీటు కవరు కింద పూడిపోయింది. అంటే హొసకోట నుంచి వాళ్లు ఒప్పుకున్నా పెట్టుకునే వీలే లేదు, నేను చూసుకోనే లేదు. నాయన నా వైపు ఒక చూపు చూసి, ఆ లేవని చేత్తోనే కవరు సందులో వేళ్లు పెట్టి గుంజాడు. కుట్టు పిగిలింది. బకిల్ బయటికొచ్చింది. టక్ మని అమ్మది పెట్టి, రెండోది తవ్వడం మొదలుపెట్టాడు.

"ఊపిరాడ్డంల్యా" అంది అమ్మ.

"కడప దాకా ఓర్చుకో" అన్నాడు. తర్వాత నాతో, "ఏ గేరులో దిగుతావు?"

"రెండు."

"మలుపులో బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు. తొక్కు, ఇడుసు. తొక్కు, ఇడుసు."

సరే అని స్టార్ట్ చేశా.